సెలవుల షిఫ్టు

బేతమంగళం చెరువు నిండి, మరవ మీదుగా నీళ్లు పొర్లిపోయిన ఏడాది అది. పాలారు దాటలేక బస్సులు నిలిచిపోయి, ఛాంపియన్ రీఫ్స్ గని కూలీల లైన్లలో వెదురు తట్టి గోడలు నాని కూలి, సైనైడు దిబ్బలు వానకు నిలువునా కోసుకుపోయిన ఏడాది. కార్తీకం దాటాక వాన వెలిసింది. చలి దిగింది. చలి వెనకాలే బడులకు క్రిస్మసు సెలవులు వచ్చాయి.

పిల్లలకు సెలవులు పండుగ. గంగులమ్మకు మాత్రం గుండెలో రాయి. చీకటితో లేచి నరసాపురం ఫ్యాక్టరీ బస్సెక్కి పోతే, క్యాంటీన్లో పళ్లేలు కడిగి, దీపాలు పెట్టే వేళ దాటాక గానీ ఇల్లు చేరదు. బడి ఉన్నన్నాళ్లు పిల్లలిద్దరినీ బడే చూసుకునేది. మధ్యాహ్నం అన్నం కూడా బడే పెట్టేది. ఇప్పుడు ఇంట్లో మిగిలింది ముసలి తండ్రి పాపన్న ఒక్కడు. ఆమె మొగుడు హోసూరు పోయి అక్కడే ఉండిపోయాడు.

సెలవుల మొదటి రోజే పిల్లలు సైనైడు దిబ్బ ఎక్కారు. బంగారం తీసేశాక గని మిల్లు పారబోసిన మట్టి అది. కొండలా పేరుకుని, సున్నంలా తెల్లగా, పిండిలా మెత్తగా ఉంటుంది. చిరిగిన ఫ్లెక్సీ బ్యానరు ముక్క మీద కూర్చుంటే పైనుంచి కిందికి జర్రున జారవచ్చు. లైన్లలో పుట్టిన పిల్లలకు పైసా ఖర్చు లేని ఆట అదొక్కటే. చిన్నవాడు గగన్ సాయంత్రానికి కళ్లు ఎర్రబడి, దగ్గుతూ వచ్చాడు. అక్క రోజా వాడి తల దులుపుతుంటే తెల్లటి దుమ్ము లేచింది.

గంగులమ్మ వచ్చి చూసింది. అరవలేదు. సంచి గోడకు తగిలించి తండ్రి ముందు కూర్చుంది.

"అప్పా, నాకు లీవు ఇయ్యరు. అడిగితే గేటు పాసు పెరుక్కుంటామంటారు. ఇంగొక్కసారి వీండ్లు ఆ దిబ్బ కాడికి పోయినారంటే, ఇద్దర్లో ఒకర్ని గౌనిపల్లికి తోలేస్తా. మా బావ చెన్నరాయప్ప ఎప్పట్నుంచో అడగతాండాడు. పట్టుపురుగులకు ఆకు కోసేకి ఒక చెయ్యి కావాలంట."

"బడి?" అన్నాడు పాపన్న.

"బడి ఆడా ఉండాది. పంపిస్తారో లేదో దేవునికెరుక."

పాపన్న ఒక మాటకు రెండో మాట చేర్చే మనిషి కాదు. గనిలో బతికినన్నాళ్లు యంత్రాల మోతలో మాటతో పని లేకపోయింది. పైకి వచ్చాక అలవాటు తప్పింది. తలుపు దగ్గర ముడుచుకు కూర్చున్న పిల్లల్ని చూశాడు. రోజా తమ్ముడి చెవిలో దుమ్ము కొంగుతో తీస్తున్నట్టు గౌను అంచుతో తీస్తోంది.

"నేను చూసుకుంటాలే," అన్నాడు.

అన్నంత సులభం కాలేదు. ఇంట్లో టీవీ చచ్చి చాలా కాలమయింది. ఫోను గంగులమ్మతోనే పోతుంది. మరునాడు పొద్దెక్కే సరికి గగన్ గడప మీద నిలబడి దిబ్బ వైపు చూడసాగాడు.

"కత చెప్పు తాతా."

"నాకు రాదురా."

"పాట?"

"అదీ రాదు."

"మల్ల ఏమొస్తుంది నీకు?" అన్నాడు వాడు, నిజంగానే తెలుసుకోవాలని.

పాపన్న కాసేపు అరికాలు గోక్కున్నాడు. తర్వాత లేచి, నూనె డబ్బా రేకు ఒకటి వెతికి, కత్తెర పెట్టి గుండ్రంగా బిళ్లలు కత్తిరించాడు. చేతులు కోసుకోకుండా అంచులు రాయి మీద రాశాడు. ఒక్కో బిళ్ల మీద మేకుతో నంబరు కొట్టి, పైన బెజ్జం పెట్టాడు. పాత చెక్క పలకకు మేకులు దిగ్గొట్టి తలుపు పక్కన వేలాడదీశాడు. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"ఇది టోకెను. దిగేటప్పుడు తీసుకోవాల. పైకొచ్చినాక ఈ మేక్కి తగిలించి ఇంటికి పోవాల. మేకు బోడిగా ఉంటే మనిషి కిందనే ఉండాడని లెక్క. అప్పుడు ఎవురూ ఇండ్లకు పోకూడదు, వాన్ని ఎతకాల."

పెరట్లో నులక మంచం నిలబెట్టి, గోనెపట్టాలు కప్పి సొరంగం చేశాడు. రైలు పట్టా ముక్క ఒకటి వేపకొమ్మకు కట్టి గంట చేశాడు. ఒకటి కొడితే ఆగాలి, రెండు కొడితే దిగాలి, మూడు కొడితే పైకి రావాలి. సొరంగం చివర తడి ఇసుకలో పగిలిన గాజుల ముక్కలు, పసుపు రంగు బిస్కెట్టు కాగితం చుట్టిన గులకరాళ్లు పూడ్చిపెట్టాడు. పాత గరిటెలతో అవి తవ్వి తీయడం పని. మధ్యాహ్నం గంట కొట్టి అందరికీ రాగిముద్ద, అనపగింజల చారు. ముద్దను కూడా వరసలో నిలబడే తీసుకోవాలి. అలా నిలబడితే ముద్ద చిన్నదైనా ఎవరికీ తెలియలేదు.

గంట మూడుసార్లు కొట్టగానే గోనెపట్టా కింద నుంచి గగన్ ముఖం బయటికి వచ్చింది. "బంగారం!" అని అరిచాడు. పాపన్న ఆ గులకరాయిని చేతిలో ఎగరేసి తూకం చూసి, "ఇది రాయిరా, పొయి మల్లా తవ్వు," అన్నాడు. వాడు నవ్వుతూ వెనక్కి పాకాడు.

వీధిలో ఆ గంట వినపడని ఇల్లు లేదు. మర్నాటికి పక్కింటి పిల్లలు వచ్చారు. ఆ తర్వాత వాళ్ల అమ్మలు వచ్చారు. బస్సుకు పోయేముందు చీకట్లోనే నిద్రమొహం పిల్లల్ని దుప్పటితో సహా తెచ్చి పాపన్న అరుగు మీద దించి పోవడం మొదలుపెట్టారు. ఒకామె దోసెడు రాగిపిండి, ఒకామె అనపకాయలు. ఇవ్వలేని ఆమె ఊరికే తల వంచుకుని పోయింది. పాపన్న మళ్లీ రేకు కత్తిరించాడు.

హనుమక్క కూడా మనవడు మంజును తెచ్చింది. ఆమె అండర్సన్‌పేట సంతలో కాయగూరలమ్ముతుంది. ఆమె కొడుకు, మంజు తండ్రి బచ్చప్ప మేస్త్రి. ఈ లైన్ల నుంచి ఫ్యాక్టరీకి ఆడవాళ్లను కుదిర్చి పంపేది అతనే. బస్సు తలుపు దగ్గర నిలబడి ఎవరెక్కాలో ఎవరు దిగాలో చెప్పేదీ అతనే.

"ఏమన్నా పాపన్నా, గని మూసి ఇన్నేండ్లయినాక నువ్వు మల్లా తెరిసినావంట!" అంది హనుమక్క, గంప దించి.

"ఊఁ."

"కూలి ఎంత ఇస్తావు మావోనికి?"

"ముద్ద."

"వాడు మూడు తింటాడు. చూసుకో మల్ల," అని నవ్వి పోయింది.

మంజు గగన్ కంటే పెద్దవాడు, ఒక చోట నిలవని పిల్లవాడు. సొరంగంలో పాకేటప్పుడు కూడా గోనెపట్టా తన్నుకుంటూ పాకేవాడు.

ఒక మధ్యాహ్నం మబ్బు పట్టి చలిగాలి కొట్టింది. పిల్లలందరూ పొయ్యి దగ్గర చేరి వణుకుతున్నారు. గగన్ మళ్లీ కత అడిగాడు. పాపన్నకు ఆ రోజు మనసు తేలికగా ఉంది. ముందురోజు రాత్రి గంగులమ్మ పిల్లల తలలు వాసన చూసి, దుమ్ము లేదని నవ్వింది. తనకు తెలిసిన నవ్వులాట ఒక్కటుంటే అది చెప్పాడు.

"మా గ్యాంగులో ఆంజినప్పని ఒకడు. ఇట్లే చలికాలం. పెండ్లాంతో కొట్లాడుకోని షిఫ్టుకొచ్చినాడు. పైన చలి, ఇంట్లో పెండ్లాం. కింద లెవెల్లో వెచ్చగా పొయ్యి కాడ ఉన్నట్టే ఉంటాది. 'అన్నా, నా బిళ్ల గూడా నువ్వే ఇచ్చేయి, నేనీడ్నే పండుకుంటా' అన్నాడు. నేను నా బిళ్ల కింద వాని బిళ్ల పెట్టి పైన టోకెన్ల కిటికీలో ఇచ్చేసినా. వాడు రాత్రంతా గురక పెట్టినాడు. తెల్లారి పైకొస్తే, మొగుడు చచ్చినాడనుకోని పెండ్లాం ఏడ్సి ఏడ్సి ఉండాది. చూసిందే పరిగెత్తుకోని పొయి కోడి కోసింది."

పిల్లలు పడి పడి నవ్వారు. మంజు నేల మీద దొర్లి గురక పెట్టి చూపించాడు.

"ఎవురూ కనిపెట్టలేదా తాతా?" అంది రోజా.

"బిళ్ల ఉంటే మనిషి ఉన్నట్టే. మొగం యాడ చూస్తారు?" అన్నాడు పాపన్న. తనే నవ్వాడు. నవ్వు చివర దగ్గు వచ్చింది.

రెండు రోజులు గడిచాయి. ఆ సాయంత్రం గంట మూడుసార్లు కొట్టి, పిల్లలు గోల చేసుకుంటూ బిళ్లలు తగిలించి వెళ్లాక, పాపన్న చెక్క ముందు నిలబడి వేలితో ఒక్కో మేకూ తడుముకున్నాడు. అన్నీ నిండుగా ఉన్నాయి. సెలవులు సగం పైన దాటిపోయాయి. పొయ్యి ముందు కూర్చుని చేతులు కాచుకున్నాడు. రోజా ఎందుకో గడప దాకా పోయి వచ్చి, మళ్లీ పోయింది.

"ఏమే?"

"ఏం లేదు తాతా."

చీకటి ముసురుతుండగా హనుమక్క ఖాళీ గంపతో వచ్చింది.

"మావాడేడన్నా?"

"పొయినాడు."

"యాడికి? ఇంటికి రాలేదే!"

"పొయినాడు, హనుమక్కా. బిళ్ల ఉండాది చూడు." చెక్క మీద మంజు బిళ్లను చూపించాడు. చూపిస్తున్న వేలు పూర్తిగా చాపకముందే అతనికి రోజా ముఖం కనిపించింది. పిల్ల గోడకు అంటుకుపోయి ఉంది.

"దిబ్బ కాడ," అంది చివరికి. "ఒక్కసారి జారి వస్తానన్నాడు. బిళ్ల నన్ను తగిలీమన్నాడు."

పాపన్న టార్చి కోసం ఆగలేదు. ఆ వయసులో అతను పరిగెత్తడం లైనులో ఎవరూ చూసి ఉండరు. వెనకాల హనుమక్క పేరు పెట్టి పిలుస్తూ వస్తోంది. పిలుపుకు ఇళ్లలోంచి జనం లేచారు. దిబ్బ పక్కన వాన కోసిన గాడి ఒకటి, మనిషి నిలువు లోతు. దాని అంచు కూలింది. ఫ్లెక్సీ బ్యానరు ముక్క పైన కనబడింది. కింద మట్టిలో నడుము దాకా కూరుకుపోయి మంజు. అరిచి అరిచి గొంతు పోయింది. నోటి నిండా తెల్లటి మట్టి.

పాపన్న దిగి చేతులతోనే తవ్వాడు. పార వద్దన్నాడు. గనిలో పూడిపోయిన మనిషిని తీసేటప్పుడు కాలు దగ్గర ఇనుము తగలనివ్వరు. మోకాలి దాకా మట్టి తీశాక, తొడ వంగకూడని చోట వంగి ఉండడం చేతికి తెలిసింది. పిల్లవాణ్ని చొక్కాలో చుట్టి పైకి అందించాడు. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పోయారు. ప్రాణానికి భయం లేదన్నారు. తొడ ఎముక రెండు చోట్ల విరిగిందన్నారు. కాలు మునుపటిలా వస్తుందో రాదో చెప్పలేమన్నారు.

బచ్చప్ప తల్లిని ఆసుపత్రిలో పిల్లవాడి దగ్గర ఉంచి నేరుగా పాపన్న ఇంటికి వచ్చాడు. గంగులమ్మ అప్పుడే బస్సు దిగి వచ్చింది. చెప్పు ఇంకా కాలికే ఉంది. వీధి సగం గుమ్మం ముందు నిలబడింది.

"బిళ్ల తగిలించిందెవురు?" అన్నాడు బచ్చప్ప.

రోజా ముందుకు వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల, గౌను మీద తాత పొయ్యిలో బూడిద.

"ఈ దొంగబుద్ది నీకెవురు నేర్పినారే?"

పిల్ల తాత వైపు చూసింది. ఒక్క క్షణమే. తర్వాత తల వంచుకుని బొటనవేలితో నేల రాసింది.

పాపన్న నోరు తెరిచాడు. దగ్గు వచ్చింది. వంగి దగ్గాడు. దిబ్బ మట్టి ఇంకా గొంతులో ఉంది. దగ్గు తగ్గి తలెత్తేసరికి గంగులమ్మ కూతురి జుట్టు పట్టుకుని ఉంది.

"చెప్పవే! ఎవురు నేర్పినారు? చెప్పు!"

పిల్ల చెప్పలేదు. గంగులమ్మ కొడుతూనే ఉంది. కొడుతూ మధ్యమధ్యలో బచ్చప్ప వైపు చూస్తోంది, ఇంక చాలంటాడేమోనని. అతను అనలేదు. గగన్ అక్క కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. పక్కింటామె వచ్చి చేతులు పట్టుకుంటే గాని ఆగలేదు.

"నా కొడుకు కుంటోడైనంక దీన్ని నేను రోజూ చూడాలనా, గంగులమ్మా?" అన్నాడు బచ్చప్ప. గొంతు పెంచలేదు. "ఇది ఈ లైన్లో ఉండకూడదు. ఉంటే, రేప్పొద్దున బస్సుకు నువ్వు రావద్దు."

అతను పోయాక, జనం పోయాక, గంగులమ్మ ఫోను తీసి గౌనిపల్లికి చేసింది. "బావా, రోజాను తోలిస్తా. అవును, పిల్లనే. రేప్పొద్దున మొదటి బస్సుకు వచ్చి పిల్చుకోని పో." తర్వాత బట్టల సంచి తీసింది. పిల్లవి ఉన్నవే కొన్ని బట్టలు. బడి యూనిఫారం చేతిలోకి తీసుకుని, పెట్టాలా వద్దా అని కాసేపు చూసి, అదీ సంచిలో కుక్కింది.

పాపన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చెప్పాలి. లేచి రెండడుగులు వేసి చెప్పాలి. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియలేదు. పక్కన రోజా నిద్రపోతోందో లేదో తెలియదు. కాసేపటికి పిల్ల దుప్పటి జరిపి తాత పాదాల మీద కప్పింది. రోజూ కప్పినట్టే కప్పింది.

కోడి కూయకముందే పాపన్న లేచాడు. మఫ్లరు చుట్టుకుని, లైను చివరి ఇంటికి నడిచాడు. బచ్చప్ప అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చి, బస్సుకు పోవడానికి ముఖం కడుక్కుంటున్నాడు.

"ఏమి?" అన్నాడు.

"ఆ బిళ్ల సంగతి నేర్పింది నేను," అన్నాడు పాపన్న. "కత చెప్పినా. గనిలో నేనే ఒకరి బిళ్ల ఇచ్చినా. నవ్వినా గూడా. పిల్లది నేను చెప్పిందే చేసింది. నేను మొగాలు చూడలేదు, బిళ్లలు చూసినా. నీ కొడుకు కాలు నా వల్ల పోయింది."

బచ్చప్ప చేతిలో చెంబు అలాగే నిలిచిపోయింది. నీళ్లు మోచేతి మీదుగా కారుతున్నాయి.

"రాత్రి పిల్లను సావగొడతా ఉంటే నోట్లో మన్ను పోసుకోని ఉంటివే! ముసిలోడా!"

"ఉంటి."

"ఇప్పుడొచ్చి చెప్తాండావు!"

"ఇప్పుడొచ్చినా."

బచ్చప్ప చెంబు నేలకేసి కొట్టాడు. లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. పాపన్న ఆ తలుపు ముందు కొంచెంసేపు నిలబడ్డాడు. తెరుచుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి రోజా సంచి గడప పక్కనే ఉంది. పాపన్న దాన్ని ఎత్తుకుని పెరట్లోకి పోయాడు. బట్టలన్నీ తీశాడు. గౌనులు, పావడా, తెగిన స్వెట్టరు, బడి యూనిఫారం. డ్రమ్ములో నీళ్లున్నాయి. కొళాయి మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియని నీళ్లు. తొట్టి నిండా పోసి, బట్టలన్నీ ముంచేశాడు. నీళ్లు ఎముకల్ని కొరుకుతున్నాయి. సబ్బు ముక్క వెతికి, యూనిఫారం కాలరు రాయి మీద పరిచి రుద్దడం మొదలుపెట్టాడు. పెళ్లాం పోయాక తన బట్టలు తను ఉతుక్కున్నాడే గాని, ఆడపిల్ల బట్టలు ఉతకడం అతనికి ఇదే మొదలు. గౌను కుచ్చులు ఎలా పట్టుకోవాలో తెలియక చేతులు తడబడ్డాయి.

గంగులమ్మ టిఫిను డబ్బాతో బయటికి వచ్చి ఆ చప్పుడుకు పెరట్లోకి చూసింది.

"అప్పా! ఏం చేస్తాండావు? బావ బస్సు దిగే పొద్దాయె, అవన్నీ తడిపేస్తివే! ఏం కట్టుకోని పోతాది?"

"పోదు."

"నీకు పిచ్చి పట్టిందా? పోకుంటే నన్ను బస్సెక్కనిస్తాడా బచ్చప్ప? ఏం తింటాము?"

"ఆ కత చెప్పింది నేనేమ్మా."

గంగులమ్మకు అర్థం కాలేదు. అతను రుద్దడం ఆపకుండా, ఆంజినప్ప సంగతి, కిటికీలో ఇచ్చిన రెండు బిళ్లలు, తను నవ్విన నవ్వు, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. చెప్పడం పూర్తయేసరికి ఆమె డబ్బా కింద పెట్టేసింది.

"నేను దాన్ని అంత కొడితిని. నోరిప్పలేదే అది."

"నేనూ ఇప్పలేదు."

"బచ్చప్పకు..."

"చెప్పినా. ఇందాక."

"ఏమన్నాడు?"

"తలుపేసుకున్నాడు."

రోడ్డు మీద బస్సు హారను మోగింది. గంగులమ్మ తలుపు వైపు చూసింది. లోపల దుప్పటి కింద రోజా చెయ్యి ఒకటి బయటికి ఉంది. మణికట్టు మీద గాజులు పగిలిన గీతలు. ఆమె పోయి ఆ చెయ్యి దుప్పట్లోకి పెట్టింది. హారను మళ్లీ మోగింది. డబ్బా తీసుకుని, కొంగు చెవుల మీదికి లాక్కుని, పొగమంచులోకి పరుగులాంటి నడకతో పోయింది.

పాపన్న చేతులు ఆపి విన్నాడు. బస్సు ఇంజను అక్కడే గురకపెడుతోంది. ఎవరో గట్టిగా ఏదో అన్నారు, మగగొంతు. తర్వాత బస్సు తలుపు మూసిన చప్పుడు. బస్సు కదిలింది. గేరు మారింది. మలుపు తిరిగి దూరమయింది. అతను తలుపు వైపే చూస్తూ ఉండిపోయాడు, కూతురు తిరిగి వచ్చే అడుగుల కోసం. చాలాసేపు చూశాడు. ఎవరూ రాలేదు.

అప్పుడు యూనిఫారం తొట్టిలోంచి తీసి, రెండు చేతులా పిండి, విదిలించి, తీగ మీద ఆరేశాడు. తర్వాత గౌను తీసుకున్నాడు.